గుర్రానికి పథ్యం

మా ఆయన కడుపులో పుండు ఉంది. గుర్రం సంగతి చెబుతానని కూర్చుని ఆయన కడుపు దగ్గర మొదలుపెట్టడం వింతగానే ఉంటుంది గానీ, ఏం చేయను, ఆ పుండు లేకపోతే చెప్పడానికి ఇంత సంగతే లేదు. కడుపులో ఏ బాధా లేని మనిషైతే గుర్రానికి అలాంటి వైద్యం చేసి ఉండేవాడు కాదు.

పెళ్లయిన కొత్తలో మిరపకాయ బజ్జీల మీద ఆయనకున్న మోజు చూసి నేను ముచ్చటపడేదాన్ని. కొట్లో బేరం తెగడం ఆలస్యం, రెండు పొట్లాలు తెప్పించుకుని భోజనం వేళ దాటించేసేవారు. ఒకరోజు కొట్లోనే, చీరల మధ్య కూర్చునే, రక్తం కక్కుకున్నారు. ఆస్పత్రిలో గొట్టం వేసి చూసి అల్సర్ అన్నారు, మందులిచ్చారు. ఇంటికొచ్చాక పెత్తనమంతా మా అత్తగారిదే. మొదట లంఖణం. తర్వాత బార్లీ జావ. తర్వాత మెత్తటి మజ్జిగన్నం. ఆపైన జీవితాంతం గడియారం చూసుకుని మూడు పూటలా తిండి, మధ్యలో ఒక్క పలుకు కూడా నోట్లో పడకూడదు. ఆయన తేరుకున్నారు. మందులు కూడా పనిచేశాయేమో అని ఒకసారి పైకి అన్నాను. ఆ మాటకి అత్తగారు కొన్నాళ్లపాటు నాతో ముక్తసరిగా మాట్లాడారు.

మాది వన్‌టౌన్‌లో చిన్న బట్టల కొట్టు. ఆయన పుట్టింది నేతపని వాళ్లింట్లో. మగ్గం మీద కూర్చోకపోయినా, బట్ట చేత్తో పట్టుకుంటే ఏ ఊరి నేతో చెప్పేస్తారు. పెడన నుంచీ మంగళగిరి నుంచీ చీరలు తెచ్చి పెళ్లిళ్లకి ఇస్తాం. పెళ్లిబట్టలకి వచ్చినవాళ్లు బట్టలు మాత్రమే చూసుకుని వెళ్లరు కదా, పెళ్లి సంగతులన్నీ అక్కడే విప్పుతారు. మండపం, వంటలు, డ్రోన్ కెమెరా. ఈమధ్య అందరిదీ ఒకటే మాట, పెళ్లికొడుకు గుర్రం మీద రావాలని. అది వినపడినప్పుడల్లా మా ఆయన చేతిలో చీర మడత ఆగిపోయేది. చిన్నప్పటినుంచీ ఆయనకి గుర్రాల పిచ్చి. ఎక్కింది లేదు, దిగింది లేదు, అయినా పిచ్చి.

హైదరాబాద్‌లో పందాల్లో పరిగెత్తి, ఇక గెలవదని పక్కన పెట్టేసిన ఆడగుర్రం ఒకటి అమ్మకానికి ఉందని ఎవరో ఆయన చెవిన వేశారు. నేను గట్టిగానే అడ్డుపడ్డాను.

“చీరలమ్ముకునేవాళ్లకి గుర్రమెందుకండీ? దాన్నెక్కి పెడన వెళ్తారా?” అన్నాను.

“పెళ్లిళ్లకి ఇద్దామే. కొట్టుకి కూడా పేరొస్తది,” అన్నారు.

ఒట్టి కబుర్లు. పేరూ లేదు, పాడూ లేదు. ఆ మనిషికి గుర్రం కావాలి, అంతే.

గుర్రం వచ్చింది. భవానీపురంలో మా ఇంటి వెనక మాదే కాస్త ఖాళీ స్థలం ఉంటే అక్కడ రేకుల షెడ్డు వేయించారు. కాగితాల్లో దాని పేరు రైలంత పొడుగు ఇంగ్లీషు. అది మా నోళ్లకి తిరగలేదు. ఆయన ‘పిల్లా’ అని పిలిచేవారు, మేమూ అదే పట్టుకున్నాం. తేనెరంగు ఒళ్లు, నుదుటి మీద తెల్లమచ్చ. అంత మనిషెత్తు జంతువుకి కాళ్లు మాత్రం నమ్మలేనంత సన్నం. వచ్చిన కొత్తలోనే దండెం మీద ఆరేసిన నా మంగళగిరి చీర అందుకుని కొంగంతా నమిలేసింది. నేను తిట్లు లంకించుకుంటే తల వంచుకుని విన్నది, అంతా విని నా భుజానికి చొంగ పూసింది. ఆయన నవ్వు ఆపుకోలేక షెడ్డు వెనక్కి వెళ్లిపోయారు. దాని మీద కోపం నిలబెట్టుకోవడం నావల్ల కాలేదు.

మొదట్లో కొన్ని పెళ్లిళ్లకి వెళ్లింది. ఊరేగింపు గుర్రాలు తిప్పేవాళ్లు ఆయనకి ఒక పద్ధతి నేర్పారు. ఊరేగింపు ఉన్న రోజున పొద్దుటి నుంచీ మేత పెట్టకూడదట. పెడితే మండపం ముందు పరిచిన ఎర్ర తివాచీ మీద సరిగ్గా ఆడపెళ్లివారు హారతి పట్టే వేళకి లద్దె వేస్తుందట. వీడియోలో పడితే రెండువైపులవాళ్లూ ఊరుకోరు. అందరూ అలాగే చేస్తారు కాబట్టి ఈయనా అలాగే చేశారు. ఖాళీ కడుపుతో, బ్యాండు మోతలో, మీద పెళ్లికొడుకుని పెట్టుకుని ఆ పిల్ల అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేది. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాం.

తర్వాత ఉలవలు వదిలేయడం మొదలుపెట్టింది. బకెట్‌లో మూతి పెట్టడం, రెండు కబళాలు తినడం, మొహం తిప్పుకోవడం. జీను పట్టీ బిగించబోతే చెవులు వెనక్కి వాల్చి కరవడానికి వచ్చేది. పళ్లు నూరుకునేది. నేను వంటింట్లో ఉంటే షెడ్డులోంచి ఆ చప్పుడు వినపడి ఒళ్లు జలదరించేది. ఒంటి మీద మెరుపు పోయి, పక్కటెముకలు కనపడసాగాయి. తిన్న కాసేపటికి మెడ తిప్పి తన డొక్క వైపు చూసుకునేది, అక్కడ ఎవరో పిలుస్తున్నట్టు.

“అజీర్తిరా. ఒక పూట లంఖణం పెట్టు,” అన్నారు అత్తగారు.

మా ఆయన దాని డొక్క మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు.

“అజీర్తి కాదమ్మా. ఇది నా రోగమే,” అన్నారు.

అక్కడివరకూ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. రోగం సరిగ్గా పట్టారు. ఇక వైద్యం అంటారా, తనకి ఏం చేస్తే తగ్గిందో అదంతా చేశారు. ముందు లంఖణం. తర్వాత తవుడు జావ, గోరువెచ్చగా, తనే వేలు పెట్టి చూసి. తర్వాత గడియారం ప్రకారం మూడు పూటల తిండి. మధ్యలో గడ్డి కొరక్కుండా మూతికి చిక్కం కట్టారు, కుప్పనూర్చేటప్పుడు ఎద్దులకి కట్టే తాటి అల్లిక అన్నమాట. పిల్ల చిక్కంలోంచి మూతి ముందుకు చాపి గడ్డి వైపు చూస్తుంటే ఆయన దాని ముందు కూర్చుని బతిమాలేవారు. “ఓర్చుకో తల్లీ. నేనూ ఓర్చుకున్నా. కడుపుకి కాస్త విశ్రాంతి ఇయ్యాలి గదా,” అని.

ఇది ఇంకే ఊళ్లోనైనా జరిగేదా అంటే ఏమో గానీ, మా ఇంట్లో మాత్రం ఇలాగే జరుగుతుంది. ఏ జబ్బు చేసినా మేం ముందు చేసే పని అన్నం మాన్పించడం. తిండి పెట్టడం ఎంత ప్రేమో, పథ్యం పెట్టడం అంతకన్నా పెద్ద ప్రేమ మాకు. నన్నడిగినా నేనూ అదే చెప్పేదాన్ని.

పిల్ల ఇంకా చిక్కిపోయింది. ఒక మధ్యాహ్నం నేను షెడ్డుకి వెళ్లేసరికి అది పడుకుని ఉంది. ఆయన దాని మెడ పక్కన నేల మీద కూర్చుని జూలులో వేళ్లు పెట్టి దువ్వుతున్నారు. నన్ను చూసి మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆ క్షణంలో గుర్రం మీద కంటే ఆయన మీద నాకు ఎక్కువ జాలి వేసింది. ఈ మనిషికి ఎట్టకేలకు ఒక్క సరదా దొరికింది, అదీ చేతుల్లోంచి జారిపోయేట్టుంది అనుకున్నాను.

“మనకి తెలిసిన వైద్యం అయిపోయిందండీ. తెలిసినవాళ్లని పిలుద్దాం,” అన్నాను.

గన్నవరం అవతల ఎవరో గుర్రపు స్వారీ నేర్పే చోటు పెట్టుకున్నారు. వాళ్ల గుర్రాలని చూడటానికి హైదరాబాద్ నుంచి అప్పుడప్పుడూ ఒక డాక్టరమ్మ వస్తుంది. ఆవిడ వచ్చే రోజు కనుక్కుని పిల్లని వ్యాన్‌లో ఎక్కించి తీసుకెళ్లాం. ఆవిడ దానికి మత్తు సూది వేసి, ముక్కులోంచి పొడుగాటి కెమెరా గొట్టం లోపలికి పంపింది. పక్కనే చిన్న తెర. మా ఆయన గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు, తనకి ఇలాంటి గొట్టం వేసిన రోజు గుర్తొచ్చి ఉంటుంది. నేను మాత్రం తెర చూశాను. కడుపు లోపలి గోడ పైసగం పాలిపోయి తెల్లగా, కిందసగం ఎర్రగా, రెంటికీ మధ్య గట్టులాంటి గీత. ఆ గీత పొడుగునా తెల్లసగం మీద పచ్చటి మరకలు, ఒరుసుకుపోయి రక్తం చిమ్మిన చోట్లు.

“అల్సర్లేనండీ. చాలానే ఉన్నాయి,” అంది డాక్టరమ్మ. “రోజూ ఏం పెడుతున్నారు?”

ఇక్కడ మా ఆయన కళ్లు తెరిచి నిటారుగా నిలబడ్డారు. పాఠం ఒప్పజెప్పేవాడిలా చెప్పారు.

“మూడు పూటలా వేళకి పెడతానండీ. పొద్దున ఉలవలు, మధ్యాహ్నం తవుడు జావ, సాయంత్రం మళ్లీ ఉలవలు, కాస్త వరిగడ్డి. మధ్యలో ఏదీ ముట్టనివ్వనండీ, మూతికి చిక్కం కడతాను. మొదట్లో లంఖణం కూడా పెట్టా.”

“మధ్యలో ఎందుకు ముట్టనివ్వరు?”

“కడుపుకి విశ్రాంతి కావాలి కదండీ. నాకూ అల్సరే. నేను ఇలాగే తగ్గించుకున్నా.”

ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు. ఆ మర్యాదకి ఇప్పటికీ ఆవిడంటే నాకు గౌరవం. గొట్టం మెల్లగా బయటికి తీసి, చేతులు తుడుచుకుని, ఆయనకి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

“మీకూ దానికీ అక్కడే తేడా అండీ,” అంది. “గుర్రం రోజంతా గడ్డి కొరుక్కుంటూ తిరగాల్సిన జంతువు. తిన్నా తినకపోయినా దాని కడుపులో యాసిడ్ ఊరుతూనే ఉంటుంది, ఆగదు. గడ్డి నమిలితేనే దానికి లాలాజలం వస్తుంది, అది లోపలికి దిగితేనే ఆ యాసిడ్ విరుగుతుంది. మూతి కట్టేస్తే లోపల యాసిడ్ ఒక్కటే మిగులుతుంది. ఆ తెల్లటి పైసగం ఉంది చూశారూ, దానికి యాసిడ్‌ని తట్టుకునే పొర లేదు. ఖాళీ కడుపుతో నడిపిస్తే అదంతా ఎగిరి పైకి చిమ్ముతుంది.”

“అంటే నేను లంఖణం పెట్టినప్పుడల్లా...” అన్నారు ఆయన.

“పందాల గుర్రాల్లో చాలావాటికి ఈ పుళ్లుంటాయండీ. దాణా ఎక్కువ, గడ్డి తక్కువ, ఒంటరిగా కొట్టంలో కట్టేసి ఉంచడం, రోజూ పరుగు. ఇది అక్కడినుంచే తెచ్చుకుని ఉంటుంది. మీరు పుట్టించింది కాదు.”

“పుట్టించలేదు. పెంచా,” అన్నారు. ఆ తర్వాత ఆవిడ చెప్పినవన్నీ నేనే వినాల్సి వచ్చింది, ఆయనకి ఏమీ ఎక్కడం లేదు. ఒక్క మాట మాత్రం ఎక్కింది. హైదరాబాద్ శివార్లలో పందాలు మానేసిన గుర్రాలని చూసుకునే తోట ఒకటుందనీ, అక్కడ విడిచిపెడితే పగలంతా పచ్చికలో తిరుగుతాయనీ ఆవిడ మాటల్లో అంది. ఆయన గభాల్న తలెత్తి చూశారు.

ఇంటికొచ్చాక అత్తగారికి సంగతి చెప్పడం ఇంకో ప్రహసనం.

“నిన్ను బతికించింది లంఖణమా కాదా? అది చెప్పు ముందు,” అన్నారావిడ.

“నన్ను బతికించిందమ్మా. దాన్ని చంపుతంది.”

అత్తగారు అలిగి లోపలికెళ్లి పడుకున్నారు. ఆయన నా వైపు తిరిగి, మందు వాడాక డాక్టరమ్మ మళ్లీ గొట్టం వేసి చూస్తానంది కదా, అప్పటికి ఆ పుళ్లన్నీ మానకపోతే పిల్లని ఆ తోటకి పంపేస్తానన్నారు.

“తెలిసినవాళ్ల దగ్గర ఉంటది. నా చేతిలో పాడైందాన్ని నా దగ్గరే కట్టేసుకోవడం ప్రేమ కాదే,” అన్నారు.

ఈ మనిషి మాట అంటే తిరుగుండదు. బజ్జీలు మానేస్తానని ఒకసారి అన్నారు, మళ్లీ ఈ రోజుకీ ముట్టలేదు. అందుకే నాకు భయం పట్టుకుంది. గుర్రం వద్దని దెబ్బలాడిన దాన్ని నేనే, ఇప్పుడు అది వెళ్లిపోతుందేమోనని పొద్దున్నే లేచి షెడ్డు దగ్గరికి పరిగెత్తేదాన్ని కూడా నేనే.

మర్నాటి నుంచి మా ఇల్లు తలకిందులైంది. మొట్టమొదట మందు. పొద్దున్నే పరగడుపున, గడ్డి ముట్టకముందు, ట్యూబులోంచి పేస్టు దాని నాలిక మీద వేయాలి. విచిత్రం ఏంటంటే, ఈయన వేసుకునే మాత్రలో ఉన్న మందూ అదేనట. “అలాగని మీ మాత్రలు దానికి పెట్టకండి, అవి దాని కడుపులో నిలవవు,” అని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది, ఈయన వాలకం చూసి ఉంటుంది. రోజూ పొద్దున ఒకరికి మాత్ర, ఒకరికి పేస్టు నేనే వేసేదాన్ని. మందు ఒంటబట్టేదాకా ఇద్దరూ తినకూడదు. ఆయన అరుగు మీద, అది షెడ్డులో, ఇద్దరూ వంటింటి గుమ్మం వైపు చూస్తూ ఉండేవాళ్లు. ఎవరికి ముందు పెట్టాలో తెలియక నవ్వొచ్చేది.

తర్వాత గడ్డి. చుట్టూ ఎక్కడ చూసినా వరిగడ్డే, కానీ అదొక్కటే పెడితే లాభం లేదన్నారు, ముతక. గరిక బాగా ఎండబెట్టింది కావాలి. వినాయకుడికి తప్ప గరిక ఎవరు కోస్తారు మా వైపు? ఆయన కాలవగట్లన్నీ తిరిగి కోసేవాళ్లని మాట్లాడుకున్నారు. హనుమాన్ జంక్షన్ అవతల గేదెలున్న రైతు దగ్గర పిల్లిపెసర మేత దొరికింది. గుర్రాలకి మామూలుగా పెట్టే లూసర్న్ గడ్డి లేనప్పుడు దాన్నే కొద్దికొద్దిగా అలవాటు చేయమంది డాక్టరమ్మ. నడకకి తీసుకెళ్లే ముందు అది గుప్పెడో రెండు గుప్పెళ్లో పెడితే కడుపులో పరుపులా ఉండి యాసిడ్ చిమ్మదట. ఉలవలు బాగా తగ్గించాం, వాటి బదులు తవుడులో కాస్త నూనె. అత్తగారికి అన్నింటికన్నా కష్టం తోచింది ఇదే. ఉలవలు లేని గుర్రం అంటే ఆవిడ దృష్టిలో ఉప్పు లేని పప్పు.

మా చిక్కల్లా, గడ్డి ఎంత వేసినా పిల్ల గబగబా లాగించేసి మళ్లీ ఖాళీ కడుపుతో నిలబడేది. చిన్న కన్నుల వలలో గడ్డి వేలాడదీస్తే నాలుగేసి పరకలు లాక్కుంటూ రోజంతా నములుతుందన్నారు. మా వీధికి చేపలు తెచ్చే ఆమెకి పుట్టిల్లు బందరు అవతల సముద్రపు ఒడ్డు, వల అల్లడం చేతిలో పని. ఆమెని అడిగాను.

“ఎంత కన్ను పెట్టమంటారమ్మా?” అంది.

“దాని మూతి దూరకూడదు. నాలుగు పరకలు రావాలి.”

“అట్టాగా. పిత్తపరిగెల వల కన్నా కాస్త పెద్ద కన్ను చాల్లే.” బుట్ట దించుకుని నా మొహం చూసి నవ్వింది. “చేపని లోపల ఉంచడానికి వల అల్లాను గానీ, గడ్డిని బయటికి రానియ్యడానికి అల్లడం ఇదే మొదలమ్మా.”

గట్టి నైలాన్ తాడుతో అల్లిన వల తెచ్చిచ్చింది. షెడ్డు దూలానికి కట్టాం. పిల్ల ముందు కోపంతో దాన్ని మూతితో గుద్దింది, తర్వాత పరక పరకా లాక్కోవడం నేర్చుకుంది. కరకరమని ఆ నమలడం వంటింట్లోకి వినపడుతుంటే, పళ్లు నూరిన చప్పుడు విన్న చెవులకి ఎంత హాయిగా ఉండేదో.

ఇక మిగిలింది తోడు. ఒంటరిగా ఉంటే గుర్రానికి దిగులు, దిగులుతో పుళ్లు పెరుగుతాయట. మేకనైనా తెచ్చి పక్కన కట్టమన్నారు. ఆ సాయంత్రం మేక గురించి మేమిద్దరం మాట్లాడుకుంటుంటే అత్తగారు గదిలోంచి వచ్చారు. అలిగినప్పటి నుంచీ ఆవిడ షెడ్డు వైపు తొంగి చూడలేదు.

“మేకెందుకురా, నేను చచ్చానా?” అన్నారు.

మర్నాడు పొద్దున ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లి షెడ్డులో వేసుకున్నారు. ఫోన్లో ప్రవచనం పెట్టుకుని, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ రోజంతా అక్కడే. వల ఖాళీ అయితే చాలు, “గడ్డి అయిపోయింది, వచ్చి వెయ్యండి, నా పిల్ల కడుపు మాడ్చమాకండి,” అని ఇల్లు ఎగిరిపోయేలా కేక. లంఖణం పెట్టమన్నది తనేనన్న మాట ఆవిడా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. కొన్నాళ్లకి పిల్ల ఆవిడ కుర్చీ వెనక నిలబడి, ఆవిడ తల మీదుగా గడ్డి నములుతూ ప్రవచనం వినడం అలవాటు చేసుకుంది. ఆవిడ జడలో ఎప్పుడూ గరిక పరకలే.

మా ఆయన ఊరేగింపులు ఆపేశారు. మా పాత ఖాతాదారు ఒకాయన మాత్రం పట్టుపట్టి కొట్టుకే వచ్చాడు, తన కొడుకు పెళ్లికి ఈ గుర్రమే కావాలని.

“కడుపు మాడ్చి తీసుకురానండీ. మెడకి గడ్డి వల కట్టుకుని తింటూ నడుస్తది, బ్యాండు దూరంగా ఉండాలి. సరేనా?” అన్నారు మా ఆయన.

“మెడలో గడ్డి మూటేంటండీ, వీడియోలో ఏం బాగుంటది?”

“మీ అబ్బాయికి టిఫిన్ పెట్టకుండానే గుర్రం ఎక్కిస్తారాండీ?”

ఆ ఖాతాదారు నవ్వుకుంటూ వెళ్లి వేరే గుర్రం మాట్లాడుకున్నాడు. బట్టలు మాత్రం మా దగ్గరే తీసుకున్నాడు.

పిల్ల మెల్లగా కోలుకుంటోంది. చెవులు ముందుకి నిలబెట్టి చూడటం, పట్టీ బిగిస్తే ఊరుకోవడం, ఒంటి మీద మళ్లీ తేనెరంగు మెరుపు. నాకు తెలుస్తూనే ఉంది, కానీ పైన మెరిసినంత మాత్రాన లోపల మానినట్టు కాదని ఈయన కడుపు చూసి నాకు ఎప్పుడో తెలుసు. గొట్టం వేసే రోజు దగ్గరపడుతున్నకొద్దీ ఆయన దాన్ని ఎక్కువగా దువ్వసాగారు. ఆ తోటవాళ్లకి ఫోన్ చేసి, చోటుందని కూడా కనుక్కున్నారు. నాకు చెప్పలేదు. అత్తగారు విని నాకు చెప్పారు.

ఇక్కడ ఒక చిక్కు. గొట్టం వేయాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. లేకపోతే గడ్డి తప్ప ఏమీ కనపడదు. మొదటిసారి అదెలాగూ ఏమీ తినడం లేదు గానీ, ఈసారి ముందు రోజు సాయంత్రం నుంచి మేత ఆపాలి. ఇక జన్మలో కట్టనని అటక మీదికి విసిరేసిన చిక్కాన్ని ఆయనే మళ్లీ దించారు. కడుతుంటే పిల్ల పెనుగులాడలేదు, తల వంచి కట్టించుకుంది. పెనుగులాడినా బాగుండేది. ఆయన చేతులు ముడి వేయలేకపోతే నేను వేశాను.

పొద్దున్నే వ్యాన్ ఎక్కబోతూ ఆయనకి ఇడ్లీ పెట్టాను. వద్దన్నారు.

“అది తినే వరకూ నేనూ తినను,” అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. “మీ కడుపులో ఏముందో మీకు గుర్తుందా? దాని పుండు చూడటానికి వెళ్తూ మీ పుండు రేపుకుంటారా? రెండు గొట్టాలు వేయించుకోవాలా మనం?” అని వీధి వినేలా అరిచాను. ఆయన వెళ్లి వ్యాన్‌లో కూర్చున్నారు. అత్తగారు టిఫిన్ డబ్బాలో మజ్జిగన్నం కలిపి నా చేతిలో పెట్టారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని గన్నవరం దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఈసారి ఆయన కళ్లు మూసుకోలేదు. గొట్టం లోపలికి దిగింది. తెర మీద ఆ తెల్లగోడ కనపడింది. పచ్చమరకలు లేవు. ఎర్రటి చోట్లు లేవు. నున్నగా, శుభ్రంగా ఉంది. నేను ఊపిరి వదలబోయాను. అప్పుడు డాక్టరమ్మ గొట్టం కాస్త తిప్పింది. గీత మలుపు దగ్గర చిన్న పుండు ఒకటి మిగిలి ఉంది. అంచులు మూసుకుంటున్నాయి గానీ ఉంది.

“చాలా బాగా మానిందండీ,” అంది ఆవిడ. “ఈ ఒక్కటీ కూడా తగ్గుతుంది. మందు ఒకేసారి ఆపకుండా మెల్లగా తగ్గించుకుంటూ రండి. గడ్డి మాత్రం ఎప్పటికీ ఇలాగే సాగాలి. ఇది మళ్లీ మళ్లీ వచ్చే రోగం, జాగ్రత్తగా ఉండటమే.”

ఆయన ఆ ఒక్క పుండునే చూస్తున్నారు.

“అన్నీ మానలేదు కదండీ,” అన్నారు. “మాట అనుకున్నా నేను. ఆ తోటవాళ్లు ఉంచుకుంటామన్నారు. పంపేస్తానండీ.”

మత్తులో తల వాల్చేసిన పిల్ల కింది పెదవి వేలాడుతోంది. ఆయన దాని నుదుటి మచ్చ మీద అరచెయ్యి పెట్టారు. ఆ చెయ్యి చూశాక ఇక నావల్ల కాలేదు.

“కడుపులో పుండు ఉన్న మనిషిని ఇన్నేళ్లుగా నేను ఇంట్లో ఉంచుకోలేదూ?” అన్నాను. “తగ్గిందన్నారు, మళ్లీ వచ్చిందన్నారు, మళ్లీ తగ్గిందన్నారు. పూర్తిగా మానలేదని మిమ్మల్ని తెలిసినవాళ్ల దగ్గరికి ఎప్పుడైనా పంపానా?”

డాక్టరమ్మ గొట్టం కడుక్కునే నెపంతో అటు తిరిగింది. ఆయన నా వైపు చూసిన చూపు పెళ్లయినప్పటి నుంచీ నేను చూడనిది. కాసేపటికి జేబులోంచి ఫోన్ తీసి ఆ తోటవాళ్లకి చేశారు. “వద్దండీ. మా ఇంట్లో ఒప్పుకోవట్లేదు,” అన్నారు.

మత్తు దిగేదాకా మేత పెట్టకూడదంటే, గొట్టం వేయడానికి విప్పిన చిక్కాన్ని మళ్లీ కట్టాం. అక్కడి షెడ్డు నీడలో దాని పక్కనే బెంచీ మీద కూర్చున్నాం. చాలాసేపటికి అది చెవులు కదిపి, తల పైకెత్తి, ఆయన భుజం వాసన చూసింది. డాక్టరమ్మ వచ్చి కళ్లు చూసి ఇక పెట్టొచ్చంది. ఆయన చిక్కం విప్పారు. వెంట తెచ్చిన గరిక నేను వలలో కూరి కొక్కేనికి తగిలించాను. పిల్ల ఒక పరక లాక్కుంది, ఇంకో పరక లాక్కుంది, నమలడం మొదలుపెట్టింది. ఆయన ఆ చప్పుడు కాసేపు విని, చెయ్యి చాపి నా ఒళ్లోంచి డబ్బా అందుకున్నారు. మూత తీసి మొదటి ముద్ద నా ముందు పెట్టారు. పొద్దుటి నుంచీ నేనూ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.